కాలానుగుణ భోజనం: అధ్యక్షుడి నివేదిక

మన చుట్టుపక్కల పండినదే, ఆ కాలంలో దొరికేదే వండుకోవాలన్న ఉద్యమం ఈ మధ్య మధ్యతరగతి ఇళ్లలో ఊపందుకుంది. మా ఇంట్లో దానికి అధ్యక్షుణ్ని నేనే. కార్యవర్గం మా ఆవిడ. ప్రజలు అమ్మా, పిల్లలూ. ఆదివారం పొద్దున్నే రైతు బజారుకెళ్లి సంచులు నింపుకు రావడం, ఆపైన హాల్లో కూర్చుని వాటిలోని పోషకాల గురించి మాట్లాడటం అధ్యక్షుడి విధులు.

సిద్ధాంతానికి తిరుగులేదు. మన పెద్దలు పంచాంగంలోనే మెనూ రాసేశారు. ఉగాదికి వేపపూత, మామిడికాయ, కొత్త చింతపండు. మృగశిర కార్తెకు తెలంగాణలో చేపల కూర. ఆషాఢంలో మునగాకు, కార్తీకంలో ఉసిరి, సంక్రాంతికి చిక్కుడు, గుమ్మడి. డబ్బు కట్టినా ఇంత మంచి మీల్ ప్లాన్ ఏ యాపూ ఇవ్వదు. ఒక్క గడి మాత్రం పెద్దలు ఖాళీగా వదిలేశారు: ఇవన్నీ ఎవరు వలవాలి? (రాసినవాళ్లు మగవాళ్లే అయి ఉంటారు.)

చింతచిగురు కొనడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. దాన్ని పేపరు మీద పోసి, పుల్లలు ఏరి, అరచేతుల మధ్య నలిపి, చెరిగి పప్పులో వెయ్యడానికి మా ఆవిడకు ఒక పూర్తి సీరియలూ, రేపటి భాగం ప్రోమో పట్టాయి. అరటిపువ్వు ఇంకా ఘనమైనది. డొప్పలు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవాలి. ప్రతి డొప్ప కింద దువ్వెన పళ్లలా పూలు. ప్రతి పువ్వులోంచీ ఉడకని గట్టి కేసరం పీకెయ్యాలి. నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వెయ్యాలి. చేతులకు ముందే నూనె రాసుకోకపోతే జిగురు ఓ పట్టాన వదలదు. ఇంతా చేస్తే కూర గుప్పెడవుతుంది. “ఫైబర్ ఎంతుంటుందో తెలుసా!” అని నేను హాల్లోంచే ప్రోత్సహించాను.

పనసపొట్టు కూర ఇంకా బతికుందంటే కారణం, గోదావరి జిల్లాల మార్కెట్లలో పొట్టు కొట్టి అమ్మేవాళ్లుండటమే. కందకి ఆ అదృష్టం లేదు, తరిగినవాళ్ల చేతులకు దురద తప్పదు.

“అప్పట్లో వలవడానికి నలుగురు ఆడవాళ్లం ఉండేవాళ్లంరా” అంది అమ్మ. ఈ వ్యాఖ్యను రికార్డుల నుంచి తొలగించాను.

ప్రజల్లోనూ అసంతృప్తి ఉంది. కాలానుగుణం అంటే ఆ కాలమంతా అదే తినడం అని వాళ్లకు ముందుగా చెప్పలేదు. జనవరిలో చిక్కుడుకాయలు చవక కాబట్టి చిక్కుడుకాయ కూర, చిక్కుడుకాయ వేపుడు, మళ్లీ కూర. ఈ సీజన్ ఎప్పుడైపోతుందని చిన్నాడు క్యాలెండర్ చూస్తున్నాడు.

2023 జూలైలో కిలో టమాటా 150 రూపాయలు దాటినప్పుడు మాత్రం ఉద్యమానికి స్వర్ణయుగం. గోంగూరతో సరిపెట్టుకోండని ఉపన్యాసమిచ్చాను. అదే టమాటా ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోస్తున్నారని టీవీలో చూసినప్పుడు చలించిపోయి రెండు బుట్టలు తెచ్చాను. నిల్వ పచ్చడి పెట్టమన్నాను. టమాటాలు కడిగి, తుడిచి, ముక్కలు కోసి, ఉప్పులో ఊరేసి, ఎండబెట్టే ఏర్పాట్లు కార్యవర్గమే చూసుకుంది.

మొన్నటి సమావేశంలో మా ఆవిడ ఒక సవరణ ప్రతిపాదించింది: ఏ కూర ఎవరు తెస్తే వాళ్లే వలవాలి. అమ్మ, పిల్లలు చేతులెత్తారు. విషయం లోతైనది కాబట్టి ఉపసంఘానికి నివేదించాను. దాని నివేదిక వచ్చేదాకా ఇంట్లో బంగాళాదుంప వేపుడు కొనసాగుతుంది.