బొట్టు చెరిపిన ఫొటో

జనవరిలో మా అమ్మ వెళ్ళిపోయిన తర్వాత మూడో ఆదివారం నాడు ఇక్కడ అమెరికాలోని మన తెలుగు సంఘం గుడి హాల్లో సంతాప సభ పెట్టింది. రోడ్ల పక్కన మంచు గుట్టలు పడి ఉన్న ఆ చలిలో వందమందికి పైగా వచ్చారు. అంతకు ముందు పన్నెండు రోజులూ మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా వంతులు వేసుకుని భోజనాలు పంపిన కుటుంబాలు కూడా వాళ్ళవే. కాబట్టి ఈ వ్యాసంలో చెప్పబోయే మాటలను కృతఘ్నత కింద జమ కట్టవద్దని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. కాని సభకు ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో వచ్చిన ఫ్లయర్ చూసినప్పటి నుంచి ఒక విషయం గొంతులో చేపముల్లులా దిగబడి ఉంది. రాస్తే తప్ప అది పోయేట్టు లేదు.

ఫ్లయర్ మీద ఉన్నది మా ఇంటి వెనక డెక్ మీద కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పత్రిక పెట్టుకుని, ఫొటో తీస్తున్న నన్ను విసుగ్గా చూస్తున్న అమ్మ. నేనే తీసి, నేనే కార్యవర్గానికి పంపిన ఫొటో అది. చుట్టూ బంగారు రంగు కాంతి, కింద తామరపూలు, అటొక దీపం ఇటొక దీపం, ఆవిడ పేరు కంటే పెద్ద అక్షరాల్లో ‘కీ.శే. ఫలానా గారి సతీమణి’ అంటూ మా నాన్న పేరు. ఇదంతా మామూలే. మామూలు కానిదల్లా అమ్మ నుదురు. నేను పంపిన ఫొటోలో అక్కడ కందిగింజ కంటే కాస్త పెద్దదిగా ఎర్రటి తిలకం బొట్టు ఉంది. ఫ్లయర్‌లో లేదు. 96 ఏళ్ళ నుదుటి ముడతల మధ్య ఆ కాస్త చోటు మాత్రం అట్లకాడతో చదును చేసినట్టు నున్నగా ఉంది.

ఫోన్ చేశాను. ఫ్లయర్ తయారుచేసిన అబ్బాయి మర్యాదస్తుడు, చిన్నప్పుడు మా బేస్‌మెంట్‌లో అమ్మ దగ్గర వేమన పద్యాలు నేర్చుకున్నవాడు. “తాతగారు లేరు కదా ఆంటీ, పెద్దవాళ్ళెవరైనా ఏమైనా అంటే మీకే ఇబ్బందని తీసేశాం,” అన్నాడు. అతను అమ్మను బొట్టు లేకుండా ఒక్క రోజైనా చూసి ఉండడు. అయినా తన కళ్ళతో చూసినదాని కంటే, పెద్దవాళ్ళు ఏమనుకుంటారోనని తను ఊహించుకున్నదే అతనికి నిజంగా తోచింది.

సభలో ప్రసంగాలు కూడా ఆ ఫ్లయర్ దారిలోనే నడిచాయి. ఆమె సహనమూర్తి అన్నారు ఒకరు. భర్త అడుగుజాడల్లో నడిచిన సాధ్వి అన్నారు ఇంకొకరు. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదన్నప్పుడు మా అన్నయ్యకు దగ్గు తెర వచ్చి బయటికి వెళ్ళవలసి వచ్చింది. సాక్షాత్తూ అన్నపూర్ణ, ఆవిడ చేతి వంట అమృతం అన్న మాటకు మా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఇంట్లో మాడు వాసన వస్తే అన్నం ఉడికిందని గుర్తు. పొయ్యి మీద గిన్నె పెట్టి పత్రిక చేతిలోకి తీసుకున్న మనిషికి సంపాదకీయం అయ్యేదాకా ఆ గిన్నె సంగతి గుర్తుండేది కాదు. మాట్లాడినవారిలో చాలామందికి అమ్మతో పరిచయం లేదన్నది నా ఫిర్యాదు కాదు. పరిచయం ఉన్నవారు కూడా తమకు తెలిసిన మనిషిని ఇంట్లో వదిలేసి, సభకు వేరే ఒక అమ్మను వెంటబెట్టుకుని వచ్చారు.

నాకు తెలిసిన అమ్మ 1928లో తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్ళో పుట్టింది. పదిహేనో ఏట పెళ్ళి. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఎకరం మాగాణి ఇచ్చారు. ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి రెండేళ్ళ పిల్లవాడు, ఎనిమిదో తరగతితో ఆగిన చదువు. మద్రాసులో దుర్గాబాయమ్మ గారు 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఆడవాళ్ళకు పాఠాలు చెప్పి బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెడుతున్నదని, ఆ దుర్గాబాయమ్మ గారే అప్పుడు ఢిల్లీలో రాజ్యాంగ సభలో కూర్చుని ఉన్నారని పత్రికలో చదివింది. పిల్లవాణ్ణి అమ్మమ్మ దగ్గర దిగబెట్టి, ఎకరం మీద వచ్చే కౌలు డబ్బు హాస్టలుకు కట్టే ఏర్పాటు చేసుకుని, మద్రాసు మెయిలు ఎక్కింది. పసుపు కుంకుమ అంటే ఆవిడ లెక్కలో ఆ ఎకరమే. అడుగుజాడల సంగతి తెనాలి స్టేషన్లో ఆ రోజు ఉన్నవాళ్ళకు తెలుసు. ముందు అమ్మ నడిచింది. వెనక మా నాన్న, తాలూకా ఆఫీసు గుమాస్తా, ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని, ఎదురైనవాళ్ళందరికీ “చదువుకోవడానికి వెళ్తోంది” అని ఎవరూ అడగకముందే చెప్పుకుంటూ నడిచాడు. ఆ తర్వాత ఏడాది పైగా ఆయన ఆవకాయ, మజ్జిగలతో కాలం గడిపాడు. ఆయనకు సభ పెట్టి సహనమూర్తి అని ఉంటే నేనేమీ అభ్యంతరం చెప్పేదాన్ని కాదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే అమ్మకు జిల్లా బోర్డు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. బోర్డు పోయి జిల్లా పరిషత్తు వచ్చినా ఆవిడ బెత్తం మారలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా క్లాసులో ఒక కథ చెప్పేది. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు, తమ పేరు చెప్పకుండా ‘ఫలానా వాళ్ళ భార్యను’, ‘ఫలానా వాళ్ళ కూతుర్ని’ అని మాత్రమే రాయించుకున్న ఆడవాళ్ళు, ఎక్కువగా ఉత్తరాదిలో, దాదాపు 28 లక్షల మంది ఉన్నారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ వాళ్ళను ఓటర్ల జాబితాలోంచి తీసివేయించారు. కథ అయ్యాక ఆడపిల్లలను ఒక్కొక్కరినే లేపి, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు గట్టిగా చెప్పించేది. ఆ గదిలో నేనూ లేచి చెప్పాను. అందుకే ఫ్లయర్ మీద ఆ పెద్ద అక్షరాలు చూసినప్పుడు, సుకుమార్ సేన్ గారు చూస్తే మా అమ్మను జాబితాలోంచి తీసేసేవారు కదా అనిపించింది.

1983లో రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు దిగింది. అమ్మకు అప్పటికి సరిగ్గా 55. ఆ తర్వాత అది మళ్ళీ 58 అయింది గాని, అప్పటికే ఆవిడ ఇంటి అరుగు మీద మూడు బ్యాచిలకు ట్యూషన్లు చెబుతోంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ రాష్ట్ర చట్టం వచ్చినప్పుడు, అది 1985 సెప్టెంబరు నాటికి పెళ్ళి కాని ఆడపిల్లలకే వర్తిస్తుందని, అప్పటికే పెళ్ళయి అమెరికా వచ్చేసిన నాకు వర్తించదని మా అన్నయ్య చదివి వినిపించాడట. “చట్టానికి తేదీ ఉందిరా, నాకు లేదు,” అని తన ఎకరాన్ని ముగ్గురు పిల్లలకూ సమంగా రాసింది. నేను వద్దన్నాను. వద్దనడానికి నువ్వెవరివి అని ఏరోగ్రామ్‌లో ఒక్క వాక్యం రాసి పంపింది.

బొట్టు విషయానికి వస్తాను. 1988లో మా నాన్న పోయారు. పదో రోజు తెల్లవారుజామున పెరట్లో బంధువుల ఆడవాళ్ళు గుమిగూడారు. ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు, మనలో చాలామంది ఆ దృశ్యం చూసినవాళ్ళమే. అమ్మ బావి పక్కన పీట మీద కూర్చుంది. మంగళసూత్రం తానే తీసి పళ్ళెంలో పెట్టింది, మెట్టెలూ తీసింది. ఒకావిడ నుదుటి వైపు చెయ్యి చాపగానే ఆ మణికట్టు పట్టుకుని ఆపి, “సూత్రం ఆయన కట్టాడు, మెట్టెలు ఆయన తొడిగాడు, ఆయనతో పంపించేస్తున్నాను. బొట్టు మా అమ్మ పెట్టింది. ఆవిడొచ్చి అడిగితే ఇస్తాను,” అంది. మా అమ్మమ్మ పోయి అప్పటికి పదేళ్ళు. పెరడంతా నిశ్శబ్దమైపోయింది. నాన్నకు అక్క, ముప్ఫయ్యో ఏటనే భర్తను పోగొట్టుకుని అప్పటి నుంచీ బోసి నుదుటితో ఉన్న మా మేనత్త ఒక్కతే లేచి లోపలికి వెళ్ళింది. కోపమొచ్చి వెళ్ళిపోయిందనుకున్నాం. గూట్లో ఉన్న తిలకం సీసా తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, తడిబట్టలు మార్చుకోమని చెప్పింది.

ఊరు ఆవిడను నెత్తిన పెట్టుకుందని నేను చెప్పడం లేదు. కొన్ని ఇళ్ళవాళ్ళు పెళ్ళికి పిలిచి పందిట్లో వెనక కూర్చోబెట్టారు, కొన్ని ఇళ్ళవాళ్ళు పిలవడమే మానుకున్నారు. కాని పదేళ్ళు తిరిగేసరికి, ఆవిడ శిష్యులే ఆ ఇళ్ళలో పెద్దలయ్యాక, టీచరమ్మ అక్షింతలు వేయకపోతే తోచని స్థితికి వచ్చారు. అక్కడ మనుషులు రోజూ ఎదురుపడుతుంటారు కాబట్టి రాజీ పడక తప్పదు. ఇక్కడ మనం ఊరు వదిలిన నాటి నియమాలను, అక్కడివాళ్ళు ఎప్పుడో సడలించుకున్నవాటిని, ఆవకాయ జాడీలా గుడ్డ కట్టి దాచుకున్నాం.

‘మనం’ అన్నాను. ఇక్కడ నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

1994లో అమ్మ మొదటిసారి అమెరికా వచ్చింది. శ్రావణ శుక్రవారం, మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం, పాతికమంది ముత్తయిదువలను పేరంటానికి పిలిచాను. వాళ్ళేమనుకుంటారో అన్న భయం పొద్దుటి నుంచీ నన్ను తొలుస్తూనే ఉంది. మూడు గంటలప్పుడు, శనగలు వార్చుతూ, అమ్మ మొహం చూడకుండా, “నువ్వు కాసేపు పైన గదిలో పడుకోరాదూ, ప్రయాణం బడలిక తీరినట్టు లేదు,” అన్నాను. వచ్చి రెండు నెలలైన మనిషికి ప్రయాణం బడలిక ఏమిటని ఆవిడ అడగలేదు. నా వైపు ఒకసారి చూసి, “సరేలే,” అని మెట్లెక్కింది. పేరంటాళ్ళు వచ్చారు, పాటలు పాడారు, వాయనాలు తీసుకున్నారు, వెళ్ళారు. పైకి వెళ్ళి చూస్తే గది ఖాళీ. గొడుగు లేదు.

మా ఆయన కారు తీసుకుని గంటసేపు వీధులన్నీ తిరిగి వచ్చారు. కాలిబాట కూడా లేని సబర్బ్ రోడ్లు మావి. పొద్దు వాలుతుండగా అమ్మే నడుచుకుంటూ వచ్చింది. దాదాపు రెండు మైళ్ళ దూరంలో ఉన్న పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళిందట. తన ఇంటిపేరుతో సహా పూర్తి పేరు టైపు చేసి ఉన్న లైబ్రరీ కార్డును కలశం ముందు, తాంబూలం పళ్ళెం పక్కన పెట్టి, “ఇదిగో, మీ ఊరివాళ్ళు నాకిచ్చిన వాయనం,” అంది. ఇంకేమీ అనలేదు. అనకపోవడం ఆవిడ స్వభావం కాదు కాబట్టి అది నాకు ఈనాటికీ బరువుగానే ఉంది.

తర్వాత అమ్మ ఇక్కడున్న ప్రతి శ్రావణంలోనూ మొదటి తాంబూలం ఆవిడకే ఇచ్చాను. రెండు కుటుంబాలవాళ్ళు రావడం మానుకున్నారు. ఎవరింటికీ పేరంటానికి వెళ్ళని ఒక పెద్దావిడ రావడం మొదలుపెట్టారు. కాని మొదటి ఏడాది నేను చేసిన పని చేసిందే. ఫ్లయర్ చేసిన అబ్బాయి తల్లి ఆనాటి పాతికమందిలో ఉంది. భర్త పోయిన మనిషి వ్రతాల దగ్గరికి రాకుండా మేడ మీద ఉండాలన్న పాఠం వాళ్ళింటికి మా ఇంటి నుంచే వెళ్ళి ఉంటుంది, భర్త పోయిన మా అమ్మ పేరు మీదనే. అతని చేతిలోని ఫోన్ కంటే ముప్ఫయ్యేళ్ళ ముందే ఆ బొట్టు చెరిపినదాన్ని నేను.

పాత తరంవారి మనసు నొప్పించకూడదన్నది కార్యవర్గం వాదన. అందులో అసలు న్యాయం లేదని అనను. భర్త పోయాక తమంతట తామే బొట్టు మానుకున్న పెద్దలు మన సంఘంలో ఉన్నారు. అది వారి దుఃఖం, వారి నిర్ణయం, వారి ఫొటోకు బొట్టు అద్దినా నేను ఇలాగే వ్యాసం రాస్తాను. కాని వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారని మన పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పించి బహుమతులిచ్చేది ఈ హాల్లోనే. 2022లో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ, భర్త పోయిన స్త్రీకి బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం మానాలని తీర్మానం చేసింది. మిగతా పంచాయతీలు కూడా ఆ దారి పట్టాలని ఆ రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఒక పల్లెటూరి పంచాయతీకి చేతనైన తీర్మానం, ఇంతమంది డాక్టర్లు, ఇంజనీర్లు ఉన్న మన కార్యవర్గానికి చేతకాదా? వచ్చే శ్రావణంలో సంఘం జరిపే సామూహిక వ్రతానికి పంపే ఆహ్వానంలో ‘ముత్తయిదువలు’ అన్న చోట ‘ఆడపడుచులందరూ’ అని రాయండి. ఎవరికైనా సభ పెట్టేముందు ఇంటివాళ్ళను పిలిచి, ఆవిడకు కోపం దేనికి వచ్చేది, దేనికి నవ్వేది అని అడగండి. మాట్లాడేవారికి ఆ జవాబులు చేరవేయండి.

సంపాదకులకు ఇంకొక్క మనవి. ఈ వ్యాసంతో అమ్మ ఫొటో మళ్ళీ పంపుతున్నాను. కింద ఆవిడ పూర్తి పేరు మాత్రమే వేయండి. ఎవరి భార్యో, ఎవరి తల్లో అవసరం లేదు. తొంభై ఏళ్ళు దాటాక కూడా అద్దం చూసుకోకుండా, చూపు పత్రిక మీద నుంచి తిప్పకుండా పుల్లతో పెట్టుకునే అలవాటు వల్ల, బొట్టు కాస్త ఎడమ పక్కకు ఒరిగి ఉంటుంది. దయచేసి దాన్ని సరిచేయకండి.