సవరణ: కొలరాడో గంజాయి పన్ను 30 శాతం కాదు

అమెరికాలోని కొలరాడోలో గంజాయి కొన్నవాళ్ల దగ్గర రాష్ట్రం 30 శాతం పన్ను లాగుతోందని, అదంతా బడులకే పోతోందని మొన్న రాశాను. రెండూ తప్పే. 15కి 15 కలిపేశాను, కూడికలు వచ్చిన ధీమాతో. మొదటి 15 శాతం ఎక్సైజు: తోట నుంచి సరుకు దుకాణానికి చేరేటప్పుడు టోకు విలువ మీద పడుతుంది, బిల్లులో కనపడదు. రెండోది అమ్మకం పన్ను. 2017 జూలైలో 10 నుంచి 15 శాతానికి పెంచారు. 30 డాలర్ల పొట్లానికి నాలుగున్నర డాలర్లు, ఊరి పన్ను వేరే. బడి భవనాలకు వెళ్లేది ప్రధానంగా ఎక్సైజు సొమ్ము. గంజాయి మీద రాష్ట్రానికి 2021లో 42 కోట్ల డాలర్లు దాటిన మొత్తం రాబడి 2023లో 30 కోట్లకు దిగువకు జారింది. పాత పోస్టులో అంకెలు దిద్దాను.