మంచి గిటార్ ఇంట్లోనే ఉండాలి

ఒంటరిగా వేదికెక్కే సీనియర్ సంగీతకారుణ్ణి "కచేరీకి వాయిద్యాన్ని ఎలా ఎంచుకుంటారు?" అని అడిగి చూడండి. కళ్లు అరమూసి నాదం, ఆత్మ, కలప వయసు అంటూ అందుకుంటారు. వినసొంపుగానే ఉంటుంది. నమ్మక్కర్లేదు. అసలు నిర్ణయం ఆయన నడుముది. తుది ఆమోదం విమానం గేటు దగ్గర నిలబడ్డ ఉద్యోగిది.

దశాబ్దాల సాధన నేర్పేదొకటే: ఉన్నవాటిలో మేలైన గిటార్‌ని గడప దాటించకూడదు. తేమ సరిచూసిన పెట్టెలో అది హాయిగా పడుకోవాలి. టికెట్ కొన్న జనం వినాల్సింది, పోయినా ఏడుపు రాని గిటార్‌ని. ఇందులో అన్యాయమేం లేదు. మంచి గిటార్ అంటే బాగా కంపించేది. స్పీకర్ మోతకీ అంతే శ్రద్ధగా కంపించి, ఫీడ్‌బ్యాక్‌తో ఊళపెడుతుంది. అందుకే, శబ్దం బయటికి రావడానికి పనివాడు కోసిన రంధ్రాన్ని రబ్బరు మూతతో బిగించి మరీ వాయిస్తారు. తర్వాత ఆ గిటార్ గొప్పతనమంతా, నాదాన్ని స్పీకర్‌కి అందించే పికప్‌కి కావలసిన 9 వోల్టుల బ్యాటరీ చేతిలో ఉంటుంది. అదేమో సరిగ్గా మెల్లగా సాగే పాటలోనే ప్రాణం వదులుతుంది.

తీగ తెగితే ఎలా అని రెండో గిటార్ కూడా మోస్తారు. చక్కటి ముందుచూపు. మోసిందెలాగూ మోశాం కదా అని దాన్ని వేరే శ్రుతిలో పెడతారు. తీగ తెగిన రోజున అది ఆ పాటకి పనికిరాదు. ఇక మిగిలిన వాయిద్యం నోరు. కొత్త తీగ చుట్టేదాకా జోకులు చెప్పాలి. కచేరీలో మృదంగానికి వదిలే తనియావర్తనం, సహవాద్యం లేనివాడికి ఇదే.

ఈ శాస్త్రాన్ని లెక్కచేయనివారూ ఉన్నారు. అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో తీసుకున్న మార్టిన్ ఎన్-20 గిటార్‌నే పట్టుకు తిరిగారు. నైలాన్ తీగల ఆ గిటార్‌కి చెక్క అరగకుండా కాపాడే పిక్‌గార్డ్ ఉండదు, ఆయనేమో పిక్‌తో, అంటే తీగలు మీటే బిళ్లతో, వాయించారు. చెక్క అరిగి రెండో రంధ్రం పడింది. దానికి సరిపడే రబ్బరు మూత ఏ దుకాణంలోనూ దొరకదు. కుర్రాళ్లకి ఇలాంటివి చూపించకూడదు.

పియానో వాయించేవాళ్లకి ఈ తలనొప్పి లేదు, హాల్లో ఏముంటే అదే. 1975 జనవరిలో జర్మనీలోని కొలోన్ ఒపేరా హౌస్‌లో అమెరికన్ జాజ్ పియానిస్ట్ కీత్ జారెట్‌కి అడిగిన పియానో బదులు చిన్నదొకటి, పెడళ్లు సరిగా పనిచేయనిది, దక్కింది. ఆయన దాని మీదే గంటకు పైగా వాయించారు, ఆ రికార్డు లక్షల్లో అమ్ముడైంది. ఇక పియానో బాగోలేదని ఏ కళాకారుడు నోరు విప్పినా నిర్వాహకుడి దగ్గర జవాబు సిద్ధం.