లెక్క వేసేటప్పుడే విత్తనం చల్లొద్దు: గ్రేడిల్ టాస్కుల గురించి

ఆండ్రాయిడ్ యాప్ కోడును బిల్డ్ చేసే టూల్ గ్రేడిల్. ఫైనలియర్ ప్రాజెక్టుల్లో దాని బిల్డ్ ఫైలు తెరిస్తే అనంతపురమైనా, కడపైనా, కర్నూలైనా ఒకటే తప్పు. సొంతంగా ఒక టాస్క్, అంటే గ్రేడిల్ చేయాల్సిన ఒక పని, రాసుకుంటారు. అది చేయాల్సిందంతా టాస్కును సిద్ధం చేసే కాన్ఫిగరేషన్ బ్లాకులోనే పెట్టేస్తారు. తర్వాత ల్యాప్‌టాప్ స్లో, ర్యామ్ వేయించాల అంటారు. ముందు ఆ ఫైలు బాగు చేయండప్పా.

గ్రేడిల్ మొదట సెట్టింగ్స్ ఫైలు చదివి ఏ ప్రాజెక్టులున్నాయో చూసుకుంటుంది. తర్వాత కాన్ఫిగరేషన్: బిల్డ్ ఫైలును నడిపి ఏ టాస్క్ దేని తర్వాతో లెక్క కడుతుంది. ఆ తర్వాతే ఎగ్జిక్యూషన్, అసలు పని. శెనక్కాయకు ఎకరాకు ఎంత విత్తనం కావాలో ఇంట్లో కూర్చుని లెక్క వేస్తాం, పదునైనాక గొర్రు కడతాం. టాస్కులో డూలాస్ట్ అనే బ్లాకు ఎగ్జిక్యూషన్ అప్పుడే నడుస్తుంది. దాని బయట కాన్ఫిగరేషన్ బ్లాకులో చేసే ప్రతి పనీ లెక్కలప్పుడే చల్లేసిన విత్తనం.

యాప్‌లో వెర్షన్ చూపించడానికి గిట్ (కోడు మార్పుల చరిత్ర దాచే టూల్) నుంచి కమిట్ నంబరు, అంటే దాచిన మార్పు గుర్తు, తెచ్చి ఫైల్లో రాసే టాస్కునే తీసుకోండి. చానామంది టాస్క్స్ డాట్ క్రియేట్ అని రాసి, ఆ బ్లాకులోనే గిట్‌ను పిలుస్తారు. ఇంక గ్రేడిల్ హెల్ప్ అని కొట్టినా గిట్ నడుస్తుంది. కాన్ఫిగరేషన్ క్యాష్ (ఒకసారి కట్టిన లెక్కను దాచి మళ్లీ వాడుకునే సౌకర్యం) ఆన్ చేస్తే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, ఆగాల్సిందే. 4.9 వెర్షన్ నుంచి, అంటే 2018 నుంచి, టాస్క్స్ డాట్ రిజిస్టర్ ఉంది. టాస్క్ అవసరం పడితేనే అది బ్లాకు తెరుస్తుంది. క్రియేట్ కనపడిన చోటల్లా రిజిస్టర్ చేయండి. గిట్‌ను ప్రొవైడర్స్ డాట్ ఎక్సెక్‌తో పిలిచి, ఆ ప్రొవైడర్‌నే (అడిగినప్పుడే విలువ తెచ్చిచ్చేది) టాస్క్ ఇన్‌పుట్‌కు కట్టండి. అక్కడే గెట్ అని విలువ అడిగారంటే కథ మళ్లీ మొదటికే. గెట్ డూలాస్ట్ లోపల ఉండాల.

నాకు ఇంకా బాధనిపించేది అవుట్‌పుట్ చెప్పకపోవడం. ఇన్‌పుట్ కమిట్ నంబరు, అవుట్‌పుట్ బిల్డ్ ఫోల్డర్లో ఒక ఫైలు అని చెప్పండి. కమిట్ మారనంత వరకు గ్రేడిల్ 'అప్ టు డేట్' అని దాటిపోతుంది. చెప్పకుంటే ప్రతిసారీ చేస్తుంది, పాపం దానికి వేరే దారి లేదు. డ్యాష్ డ్యాష్ ఇన్ఫో పెట్టి నడపండి, ఎందుకు మళ్లీ చేసిందో అదే చెప్తుంది. రెండు టాస్కులకు ఒకే అవుట్‌పుట్ ఫోల్డర్ మాత్రం ఇవ్వొద్దు, ఒకటి రాసింది ఇంకొకటి చెరుపుతుంది.

సెట్టింగుల సంగతి. 8 జీబీ ర్యామ్ ఉన్న మిషన్లో గ్రేడిల్ డాట్ ప్రాపర్టీస్ అనే సెట్టింగుల ఫైల్లో ఎక్స్‌ఎమ్‌ఎక్స్ 4జీ (గరిష్ఠ మెమరీ 4 జీబీ) అని అతికిస్తారు. ఏమీ పెట్టకుంటే డీమన్ (వెనక నడుస్తూ ఉండే గ్రేడిల్) వాడే హీప్ మెమరీ గరిష్ఠంగా 512 ఎంబీ. స్టూడియో, ఎమ్యులేటర్, బ్రౌజర్ అన్నీ తెరిచి ఉన్నప్పుడు 2జీతో మొదలుపెట్టండి. కీస్టోర్ (యాప్‌కు సంతకం పెట్టే కీ ఉండే ఫైలు) పాస్‌వర్డ్ ప్రాజెక్టు ఫైల్లో పెట్టి గిట్‌కు ఎక్కించడం అయితే అస్సలు క్షమించలేని పని. హోమ్‌లో డాట్ గ్రేడిల్ ఫోల్డర్ ఉంటుంది, అందులోని ప్రాపర్టీస్ ఫైల్లో పెట్టండి. ప్రాజెక్టులో అదే పేరు ఉన్నా హోమ్‌దే చెల్లుతుంది. కమాండ్‌లో డ్యాష్ పీతో ఇస్తే దానికన్నా పైన.

ఈ పొద్దే మీ ప్రాజెక్టులో డ్యాష్ డ్యాష్ ప్రొఫైల్ పెట్టి ఒకసారి నడపండి. బిల్డ్ ఫోల్డర్లో రిపోర్టు వస్తుంది. కాన్ఫిగరేషన్‌కు ఎన్ని సెకన్లు పోతున్నాయో చూసి కింద రాయండి.