"డెమోగ్రఫీ ఎలా ఉందన్నా?"

మొన్న డాలస్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఉద్యోగం అట్లాంటాకి మారుతోందట, జార్జియాలో మా ఫోర్సైత్ కౌంటీలో ఇల్లు చూస్తున్నాడట. స్కూళ్లు, ట్యాక్సులు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు అన్నీ అయ్యాక గొంతు తగ్గించి అడిగాడు: "అన్నా, డెమోగ్రఫీ ఎలా ఉంది?"

ఇంట్లో అతనొక్కడే ఉన్నాడు. కారులో నేనొక్కణ్ణే ఉన్నాను. అయినా గొంతెందుకు తగ్గిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ప్రశ్నకి అసలు తెలుగు "నల్లోళ్లు ఎంతమంది?" అని. రియల్టరు దానికి జవాబు చెప్పకూడదు, 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఒప్పదు. అందుకని మనవాళ్లు మనవాళ్లనే అడుగుతారు. లేదంటే ఇళ్ల వెబ్‌సైట్లో గుండ్రటి రంగుల బొమ్మ చూసుకుంటారు. తెల్లవాళ్లు ఇంత, ఏషియన్లు ఇంత, మిగతావాళ్లు ఇంత. చారులో ఉప్పు సరిపోయిందా లేదా అన్నట్టు.

సరే, అంకెలే కదా కావాలి. 2020 జనాభా లెక్కల్లో మా కౌంటీ జనాభా 2,51,283. తెల్లవాళ్లు 63 శాతం దాకా. ఏషియన్లు సుమారు 18 శాతం, అందులో పెద్ద వాటా మనదేశం వాళ్లదే. కౌంటీ కేంద్రం కమ్మింగ్‌లో ఏ ఇండియన్ షాపులో గోంగూర కట్ట దగ్గర నిలబడ్డా ఈ సంగతి అర్థమవుతుంది. నల్లజాతివాళ్లు 4 శాతం చిల్లర. ఆ 4 చూసి తమ్ముడు లోపల హమ్మయ్య అనుకుని ఉంటాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ 4 ఎందుకు 4 అని ఒక్కడూ అడగడు.

1910 జనాభా లెక్కల్లో ఇది పత్తి, మొక్కజొన్న పండించుకునే ఎర్రమట్టి పల్లెటూళ్ల కౌంటీ. మొత్తం జనం పన్నెండు వేలకి కాస్త తక్కువ. అందులో నల్లజాతివాళ్లు 1,098 మంది. అంటే 9 శాతం పైమాటే. ఎక్కువమంది కౌలుకి చేసేవాళ్లు, కూలీలు. సొంత పొలం, సొంత ఇల్లు ఉన్న కుటుంబాలూ ఉండేవి. చర్చిలుండేవి.

1912 సెప్టెంబరులో ఈ కౌంటీలోని ఆస్కర్‌విల్ దగ్గర మే క్రో అనే పద్దెనిమిదేళ్ల తెల్లమ్మాయి అడవిలో చావుదెబ్బలతో దొరికింది. రెండు వారాలకి చనిపోయింది. ఈలోపే రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి అనుమానం మీద పట్టుకుని కమ్మింగ్ జైల్లో పెడితే, గుంపు జైలు బద్దలుకొట్టి చంపేసింది. శవాన్ని ఊరి నడిబొడ్డున టెలిఫోన్ స్తంభానికి వేలాడదీశారు. తర్వాత అదే కేసులో ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కర్ డేనియల్ అనే ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు. ఒకడికి పదహారు, ఇంకొకడికి పద్దెనిమిది. విచారణ ఒక్కొక్కరికి ఒక్కరోజులో ముగిసింది. అక్టోబరు 25న ఉరి తీశారు. ఉరికొయ్య జనానికి కనపడకుండా చుట్టూ దడి కట్టమని కోర్టు చెప్పింది, కట్టారు, ముందురోజు రాత్రే దాన్ని ఎవరో తగలబెట్టేశారు. తెల్లారి వేలమంది వచ్చి చూశారు. మన ఊళ్లలో తిరునాళ్లకి వచ్చినట్టు.

అది కూడా చాల్లేదు. రాత్రిళ్లు గుర్రాల మీద తిరిగే మూకలు బయల్దేరాయి. ఇళ్ల మీద కాల్పులు, చర్చిలకి నిప్పు, 'ఫలానా రోజులోగా వెళ్లకపోతే చస్తారు' అని బెదిరింపులు. కొన్ని వారాల్లో ఆ 1,098 మందీ దాదాపు అందరూ వెళ్లిపోయారు. బండి ఉన్నవాళ్లు బండి మీద, లేనివాళ్లు నడిచి, పక్కనున్న హాల్ కౌంటీలో గేన్స్‌విల్‌కి, అట్లాంటాకి. కోతకొచ్చిన చేలు కోయకుండా. కొందరు పొలాన్ని అయినకాడికి అమ్ముకున్నారు, కొందరికి ఆ వ్యవధి కూడా దొరకలేదు. వదిలేసిన పొలాలకి పక్క రైతు కొన్నేళ్లు పన్ను కట్టి, మెల్లగా కాగితాల్లో తన పేరు ఎక్కించుకున్న సందర్భాలున్నాయి. భూమి పాసుపుస్తకాల మాయలు చూసిన తెలుగువాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

(ఇంకా వెనక్కి వెళ్తే ఈ కౌంటీయే 1832లో చెరోకీల నేల మీద గీసిన గీత. 1838లో వాళ్లనీ సైన్యం పెట్టి తోలేశారు. అది వేరే పోస్టు.)

1980 లెక్కల్లో కౌంటీ మొత్తం మీద నల్లజాతివాళ్లు ఎంతమంది నమోదయ్యారో తెలుసా? ఒక్కరు. పొరపాటు పడలేదు, ఒకటే. 1990లో 14. ఆ 1980 సెన్సస్‌లోనే మొదటిసారి 'ఏషియన్ ఇండియన్' అని మనకంటూ ఒక గడి ఇచ్చారు. అంతకుముందు 1970లో మనల్ని తెల్లవాళ్ల ఖాతాలో రాసుకున్నారు. ఇంకా ముందు 1923లో, అమెరికా పౌరసత్వం అడిగిన భగత్ సింగ్ థింద్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు మనం తెల్లవాళ్లం కాదు పొమ్మంది. ఒకసారి కాదని, ఒకసారి అవునని, ఆఖరికి విడిగా. గడులు అంత గట్టివి. వాటిని పట్టుకుని మనం ఇల్లు కొంటాం.

ఇక 1987. నాకు నచ్చే ఘట్టం, ఎక్కువసేపు మాట్లాడాలనిపించేదీ ఇదే. జనవరి 17న పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో వందమంది కూడా లేని చిన్న ఊరేగింపు కౌంటీలోకి వచ్చింది. నాలుగొందలమంది దాకా ఎదురొచ్చి రాళ్లు, సీసాలు విసిరారు. టీవీలో ప్రపంచమంతా చూసింది. వారం తిరిగేసరికి, జనవరి 24న, సుమారు 20 వేలమంది వచ్చారు. మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెట్టా స్కాట్ కింగ్ వచ్చింది. నేషనల్ గార్డు కాపలా కాసింది. ఫిబ్రవరిలో ఓప్రా విన్‌ఫ్రీ తన టీవీ షో ఇక్కడికే తెచ్చి, కౌంటీవాళ్లనే కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. చూసేవాళ్లంతా తెల్లవాళ్లే, వేరేవాళ్లు లేరు కాబట్టి. ఇదంతా తాతల కాలం కాదండీ. అప్పటికి నేను ఐదో తరగతి చదువుతున్నాను. ఆ రోజు రాళ్లు వేసినవాళ్లలో కొందరు ఇవాళ మనతో పాటు కాస్ట్‌కోలో లైన్లో నిలబడుతుండొచ్చు.

ఇంతా చెప్పాక, మా తెలుగు సంఘం వేదిక మీద ఆ మధ్య ఒకాయన మైకు పట్టుకుని "ఒకప్పుడు ఇది తెల్ల కౌంటీ, మనం వచ్చి దీనికి రంగులద్దాం" అన్నాడు. చప్పట్లు. నేను చప్పట్లు కొట్టలేదు, పక్కాయన అదోలా చూశాడు. మనం రావడం తప్పని కాదు. నేనూ వచ్చినవాణ్ణే, మా పిల్లలు ఈ స్కూళ్లలోనే చదివారు. కానీ లెక్క సరిగ్గా చేద్దాం. 1910లో 9 శాతం ఉన్నవాళ్లు, 2020లో 4. నూట పదేళ్లకి కూడా అప్పటి వాటాలో సగం రాలేదు. గుండ్రటి బొమ్మలో రంగులు పెరిగాయంటే వెళ్లగొట్టినవాళ్లు తిరిగొచ్చారని కాదు, ఆ ఖాళీలో మనం కూర్చున్నామని. మనం ఈ దేశంలోకి రావడానికి తలుపు తీసింది 1965 ఇమిగ్రేషన్ చట్టం. ఆ చట్టం ఆకాశం నుంచి ఊడిపడలేదు. నల్లజాతివాళ్లు వీధుల్లో దెబ్బలు తిని సాధించుకున్న 1964, 1965 పౌరహక్కుల చట్టాల ఊపులోనే అది వచ్చింది. వాళ్లు తీసిన తలుపులోంచి వచ్చి, వాళ్లు లేని వీధి ఎక్కడుందని వెతుక్కుంటున్నాం.

"అన్నా, నువ్వు అమెరికా రాజకీయాలు తలకెక్కించుకున్నావు" అనేవాళ్లుంటారు. అమెరికా దాకా ఎందుకు? మా నాన్నవైపు వాళ్లది చీరాల. అక్కడ విజయనగర కాలనీ ఉంది. చిన్నప్పుడు అటువైపు వెళ్తే పెద్దవాళ్లు "వాళ్లు కారంచేడు వాళ్లురా" అనేవాళ్లు, అంతే, మాట అక్కడితో ఆపేసేవాళ్లు. 1985 జూలై 17న, మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవకి ఆరుగురు మాదిగలని చంపారనీ, మిగతావాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల వచ్చి పడ్డారనీ, మళ్లీ ఊళ్లోకి పోకుండా అక్కడే కాలనీ కట్టుకున్నారనీ నాకు కాలేజీకి వచ్చాక గానీ తెలీలేదు. కమ్మింగ్‌లో రాళ్లు పడడానికి ఏడాదిన్నర ముందు. పెద్దవాళ్లు గొంతు తగ్గించిన తీరు, మొన్న ఫోన్లో తమ్ముడు గొంతు తగ్గించిన తీరు ఒకటే.

ఇంకో చిరాకు, మా కౌంటీ అంచున ఉన్న లేనియర్ లేక్. ఎండాకాలం మనవాళ్లు పాంటూన్ బోటు అద్దెకి తీసుకుని బిర్యానీ ట్రేలతో ఎక్కుతారు. ఎవరో ఒకరు మొదలుపెడతారు, "ఈ నీళ్ల కింద నల్లవాళ్ల ఊరు ఉందట, ముంచేశారట, అందుకే దెయ్యాలట" అని. బాబూ, ఆస్కర్‌విల్ నేల కొంత ఆ నీటి కిందే ఉంది, నిజమే. కానీ డ్యాము కట్టింది 1950ల్లో. అప్పటికి వాళ్లు ఊరొదిలి నలభై ఏళ్లు దాటింది. వాళ్లని వెళ్లగొట్టింది నీళ్లు కాదు, ఇరుగుపొరుగు. దెయ్యం కథ చెప్పుకోవడం హాయి, అందులో ఎవరి పేరూ రాదు.

కమ్మింగ్ నడిబొడ్డున 2021లో ఒక ఫలకం పెట్టారు, రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో, 1912లో ఏం జరిగిందో రాసి. ఇక్కడి తెల్లవాళ్లు కూడా దాని వెనక పనిచేశారు. కొన్ని చర్చిలు కలిసి, వెళ్లగొట్టబడిన కుటుంబాల వారసులకి స్కాలర్‌షిప్పులిస్తున్నాయి. డ్రైవింగ్ లైసెన్సు పనికో, కారు నంబరు ప్లేటు ట్యాగు పనికో ఆ వైపు వెళ్తాం కదా, ఐదు నిమిషాలు ఆగి చదవడానికి పార్కింగ్ దొరుకుతుంది. నేను అడిగిన పదిమంది తెలుగువాళ్లలో చూశామన్నది ఒక్కరు.

తమ్ముడికి ఇదంతా ఫోన్లోనే చెప్పాను, గంటసేపు. చివర్లో "అయ్యయ్యో, అంత జరిగిందా అన్నా" అన్నాడు, నిజంగానే అన్నాడు. ఒక క్షణం ఆగి, "ఇంతకీ ఆ హైస్కూలు రేటింగు పదికి పదేనా?" అన్నాడు. పదే అని చెప్పాను. వచ్చే నెల ఇంటి క్లోజింగ్, అంటే రిజిస్ట్రేషను. గృహప్రవేశానికి పిలిచాడు, వెళ్తున్నాం. పాలు పొంగేదాకా నోరు తెరవనని మా ఆవిడ నా చేత ఒట్టు వేయించుకుంది.