'అలా అయ్యుంటే' గారికి ఒక మనవి

మహారాజశ్రీ 'అలా అయ్యుంటే' గారి దివ్యసముఖానికి,

ఈ ఆదివారం కూడా తమరు భోజనాల వేళకే వేంచేశారు. "1969లో ఆ నలుగురు ఎంపీలు ఇటు మొగ్గుంటే సంజీవరెడ్డే రాష్ట్రపతి, ఎమర్జెన్సీ ఉండేదే కాదు" అని సెలవిచ్చి, పొద్దుగూకేదాకా కదల్లేదు. ఆ ఏడు రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్రంగా నిలబడ్డ వి.వి.గిరి చేతిలో ఓడారు; తమ బాధల్లా అదే.

ఎమర్జెన్సీ సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. 1969 ఆగస్టులో గెలిచినవారి పదవీకాలం 1974 ఆగస్టుతో సరి. ఎమర్జెన్సీ వచ్చింది 1975 జూన్ 25 రాత్రి. మధ్యలో ఇంకో ఎన్నికుంది మహానుభావా, దాన్నీ తమరే గెలిపిస్తారా?

కడుపు మండేది ఆ నలుగురి దగ్గర. ఈ ఎన్నికలో ఒక్కో ఓటుకూ ఒక విలువ కడతారు. చెల్లిన ఓట్ల విలువ 8,36,337, కోటా (అంటే గెలవడానికి కావలసిన సగానికి పై విలువ) 4,18,169. గిరికి చివరికి వచ్చింది 4,20,077, అంటే కోటా మీద 1,908 ఎక్కువ. అప్పట్లో ఎంపీ ఓటు విలువ 576 కాబట్టి నలుగురు జారితే గిరి కోటా కిందికి దిగుతారు, నిజమే. తమరక్కడే కలం మూసేస్తారు! గిరి కోటా తప్పితే కుర్చీ సంజీవరెడ్డిదని ఎవరు చెప్పారండీ? ఎవరికీ కోటా అందకపోతే అడుగునున్నవాళ్లని తీసేస్తూ, వాళ్ల ఓట్లని వాటిమీద రాసిన తర్వాతి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవాళ్లకి బదిలీ చేస్తూ పోతారు, ఆఖరి ఇద్దరిలో వెనకబడ్డవారూ పోతారు. సంజీవరెడ్డివి 4,05,427. తేడా 14,650. ఒక ఎంపీ అటునుంచి ఇటు దూకితే తగ్గేది 1,152. పన్నెండుమంది దూకినా చాలదు, పదమూడోవాడు కావాలి. అప్పుడు సంజీవరెడ్డి 4,12,915, గిరి 4,12,589. గెలుపు 326తో. పోనీ మన ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేలతో లాగిద్దామంటే, తలకు 125 చొప్పున 59 మందిని తిప్పాలి.

తమ రెండో అస్త్రం: "రెండో ప్రాధాన్యం రాయనివాళ్లు రాసుంటే." ఇద్దరిలో ఎవరికీ చేరకుండా మురిగినవి 10,833. అన్నీ తెచ్చి సంజీవరెడ్డి ఖాతాలో పోసినా 4,16,260. గిరిదే పైచేయి.

నిజంగా పనికొచ్చే మలుపు ఒకటుంది, దాని జోలికి మాత్రం పోరు. మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌కి పడే ఓట్లలో రెండో ప్రాధాన్యం కోసం నాటి కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప స్వతంత్ర, జనసంఘ్‌ పార్టీలతో మాట్లాడారు. పని జరిగింది కూడా: బదిలీల్లో గిరికి 18,562 కలిస్తే సంజీవరెడ్డికి 91,879. కానీ ఆ మంతనాలే ఇందిరకు తన పార్టీవాళ్లని 'అంతరాత్మ ప్రబోధం' ప్రకారం ఓటేయమనడానికి సాకయ్యాయి. నిజలింగప్ప వెళ్లకపోతే సంజీవరెడ్డికి సొంత పార్టీ ఓట్లు ఎన్ని నిలిచేవి, ఈ 91,879లో ఎన్ని పోయేవి? ఇది అడగండి, రాత్రంతా కూర్చుంటాం, ఒట్టు.

అది వదిలేసి మళ్లీ "ఆ నలుగురు" అంటే మాత్రం పేర్లు చెప్పాల్సిందే. రహస్య బ్యాలెట్ కదా, ఎవరు ఎటు వేశారో ఎలా తెలుస్తుందంటారా? మరి నలుగురని తమకెలా తెలిసిందండీ!

ఇట్లు,
తమ లెక్కలు దిద్దే దౌర్భాగ్యం పట్టినవాడు