ఆయాసం ఉన్నవారికి వేప్ మేలు చేయదు

సిగరెట్ కంటే వేప్ (ద్రవాన్ని వేడి చేసి ఆవిరిలా పీల్చే ఈ-సిగరెట్) మేలంట అనే మాట కాలేజీ కుర్రాళ్లను దాటి ఇళ్లలోకి వచ్చింది. బీడీ మానలేక ఆయాసపడే తండ్రికి కొడుకే తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది. ప్రేమతోనే తెస్తాడు. అందుకే ఈ విషయం గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

వేప్‌లో పొగాకు కాలదు కాబట్టి సిగరెట్‌లో ఉన్నంత తారు ఉండదు. అంతవరకు నిజం. కానీ అందులోంచి వచ్చేది ఉత్త ఆవిరి కాదు. ద్రవం వేడెక్కినప్పుడు నికోటిన్‌తో పాటు ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి రసాయనాలు, ద్రవాన్ని వేడి చేసే కాయిల్ నుంచి నికెల్ లాంటి లోహాల కణాలు లోపలికి పోతాయి. ఆరోగ్యవంతుడు దగ్గి ఊరుకోవచ్చు. సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండిపోయే ఊపిరితిత్తుల జబ్బు), ఉబ్బసం ఉన్నవారి గాలి గొట్టాలు అప్పటికే వాచి, ఇరుకై ఉంటాయి. కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు దెబ్బతిని ఉంటుంది. దాని మీద ఇది పడితే కఫం పేరుకుంటుంది, ఇన్ఫెక్షన్ సులువుగా పడుతుంది. అలిపిరి మెట్ల సంగతి అటుంచి, మేడ మెట్లెక్కడానికే రెండుసార్లు ఆగే మనిషికి ఒక్కసారి ఆయాసం ముదిరినా ఆక్సిజన్ దాకా పోవచ్చు. ఆ తర్వాత ఊపిరి పాత స్థితికి రాకపోవచ్చు కూడా.

అమెరికాలో 2019లో మొదలైన వేపింగ్ జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువ కేసుల్లో గంజాయి రసాయనం ఉన్న ద్రవాలు, వాటిలో కలిపిన విటమిన్ ఈ అసిటేట్ బయటపడ్డాయి. లోపల ఏముందో తెలియని సరుకు పీలిస్తే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఇది. మన దగ్గర దొరికేదంతా అలాంటి సరుకే. 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు అన్నిటినీ నిషేధించింది. తొలి నేరానికే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. దొంగచాటుగా వచ్చే డబ్బా మీద రాసింది నిజమో కాదో పరీక్షించే నాథుడే లేడు.

కొన్ని దేశాల్లో డాక్టర్లు సిగరెట్ మాన్పించడానికి వేప్‌ను వాడనిస్తున్న మాట వాస్తవమే. అది నియంత్రణ ఉన్న సరుకు, వైద్యుల కనుసన్నల్లో. ఇక్కడ ఆ రెండూ లేవు. పైగా చాలామంది సిగరెట్, వేప్ రెండూ కాలుస్తారు, ఏదీ మానరు.

పోలీసు దాడులు అవసరమే. కానీ మా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన పని ఓపీలో ఉంది. తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో, చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో ఆయాసంతో వచ్చిన ప్రతి ఒక్కరినీ ‘బీడీ కాలుస్తారా’ అని అడిగినట్టే ‘వేప్ వాడుతున్నారా’ అనీ అడగాలి. నిషేధం ఉందన్న భయంతో రోగి దాచిపెడతాడు కాబట్టి, చెబితే కేసు పెట్టరన్న భరోసా ముందే ఇవ్వాలి. మానడానికి నికోటిన్ గమ్, ప్యాచ్, మాత్రలు ఉన్నాయి. ఇన్‌హేలర్ చీటీతో పాటే అవీ రాయాలి. పొగాకు మాన్పించే ఉచిత ఫోన్ సలహా కేంద్రం నంబరు 1800-11-2356 ప్రతి ఓపీ గోడ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో కనిపించాలి.